అవ్వా అనకుండా చచ్చే పిల్ల

సిరిసిల్ల,
జూలై

చిన్నమ్మకు,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. పోయింది నా గొంతు ఒక్కటే. జలుబు చేసి పట్టేసింది. డాక్టరు నెలన్నర దాకా నోరు తెరవొద్దన్నాడు. గుసగుసలు అసలే వద్దట, అరుపుకంటే అవే చెడ్డవట. వాట్సాప్‌లో రాద్దామంటే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనబడితే చదవకుండానే కొట్టేస్తానని నువ్వే అన్నావు. తెలుగులో టైపు చేస్తే తప్పులకు సున్నాలు చుట్టి వెనక్కి పంపుతావు. కాబట్టి కాగితం. ఇందులోనూ తప్పులుంటాయి, దిద్దుకో.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న బట్ట నేసే సాంచాల మీదికి రెండు పూటలా పోతున్నాడు, బట్టకు ఆర్డరు వచ్చింది. అమ్మ నూలు కండెలు చుడుతోంది. నేను సైగలు చేస్తుంటే అమ్మ కూడా నాకు సైగలే చేస్తోంది. నాకు పోయింది గొంతే గాని చెవులు కావని రాసి చూపించాను. "అయితే అయింది తియ్, నా నోటికి గూడ జెరంత రికాం దొరికె" అంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పనా? పొద్దున్నే సాయన్న చెత్తబండి మా గల్లీలోకి వస్తుంది కదా, అందులో మోగేది నేను చెప్పిన రికార్డే. "అమ్మలారా, అక్కలారా, తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇవ్వండి." ఇంట్లో నేను మూగదాన్ని. గల్లీలో నా గొంతు ఊరందరికీ బుద్ధులు చెబుతూ తిరుగుతోంది. బట్టల షాపుల ఆటోల్లోనూ నేనే, ఫంక్షన్ హాలు ప్రకటనల్లోనూ నేనే. సిరిసిల్లలో నా మొహం తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు గాని నా గొంతు తెలియనివాళ్ళు లేరు.

పత్రికలో నీ శీర్షిక ఈ నెల దేని మీద? ఇంకా ఎంతకాలం టీవీ సీరియళ్ళ అత్తలను తిడతావు? మీ కాలేజీ పిల్లలు సీరియళ్ళు చూడరు. ఫోన్లో యుద్ధాలు చేస్తారు. "కోట కొట్లాట" అని కొత్త గేమ్ ఒకటి వచ్చింది, అంతా తెలుగులోనే. ఒకసారి ఆడి చూడు. అందులో ఆడపిల్ల కూడా ఉంది. ఎలా ఉందో నిజంగా ఏమనిపిస్తే అది రాయి, మొహమాటం వద్దు.

నీ
ప్రవళిక


కోరుట్ల,
ఆగస్టు

ప్రవళికకు,

తప్పులు నేననుకున్నంత లేవు. జలుబుకు నెలన్నర మౌనవ్రతం చెప్పిన ఆ డాక్టరు ఎక్కడ చదివాడో కనుక్కో. మిరియాల పాలు తాగు.

నాకు మొహమాటం వద్దని చెప్పేదాకా వచ్చావా? అది ఉంటే ఈ శీర్షిక రాసేదాన్నా? నీ "కోట కొట్లాట" చూశాను. చూడడమేమిటి, ఆడాను. ఈ వయసులో, జగిత్యాలలో, మా స్టాఫ్‌రూములో, కెమిస్ట్రీ ఆయన ముక్కు మీద వేలేసుకుని చూస్తుండగా ఆడాను. సెకండియర్ సుస్మిత నేర్పింది. మొదట్లో గోడకు మొహం పెట్టి పరిగెత్తేదాన్ని. "మేడమ్, మీరు గోడను సంపుతున్నరు" అనేది. ఇప్పుడు మనుషుల్నే చంపుతున్నాను, బాగానే చంపుతున్నాను. ఎంత ఆడినా ఒక్క తెలివైన మాట వినలేదు, ఒక్క తెలివైన పని చూడలేదు.

ఒక కోట ఉంటుంది. దానికోసం కొట్టుకుచచ్చే మగవాళ్ళు ఉంటారు, మెడ నుంచి మడమ దాకా ఇనుము తొడుక్కుని. వాళ్ళ మధ్య ఒకే ఒక్క ఆడపిల్ల, పేరు మెరుపు. ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి పాపం కంపెనీకి ఇనుము అయిపోయింది. రొమ్ములకు రెండు చిప్పలు, నడుముకు ఒక పట్టీ, మిగతాదంతా గాలి. కడుపులో కత్తి దిగితే ఆడవాళ్ళకు ఏమీ కాదని వీళ్ళకు ఎవరు చెప్పారో. మగవాళ్ళు ఖాళీగా నిలబడితే కత్తి నూరుకుంటారు. మెరుపు జడ తిప్పుకుంటుంది. మగవాణ్ణి ఎంచుకుంటే ముందు మొహం చూపిస్తారు. మెరుపును ఎంచుకుంటే కాళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి వస్తారు, మొహం దాకా రావడానికి తీరిక ఉంటే వస్తారు. ఆమెకున్న గొప్ప విద్య ఏమిటో తెలుసా? పక్కవాళ్ళ గాయాలు మాన్పడం. యుద్ధానికి పోయినా ఆడదానికి వడ్డన తప్పలేదు. మాట్లాడితే ఏ ఊరిదో తెలియని సినిమా తెలుగు. కోట మాత్రం అచ్చం మన జగిత్యాల ఖిల్లాలా ఉంది.

ఇక చావు. మగవాడు చచ్చేటప్పుడు "నీయవ్వ" అని పళ్ళు కొరికి చస్తాడు. మెరుపు చచ్చేటప్పుడు చేసే చప్పుడు నేను కాగితం మీద పెట్టలేను. స్టాఫ్‌రూములో అది మోగగానే కెమిస్ట్రీ ఆయన లేచి బయటికి పోయాడు. అంతవరకు ఆయన మంచివాడే.

వ్యాసం రాసేశాను. నాలుగు పేజీలు వచ్చింది. నువ్వు చదివి సంతోషిస్తావని ఒక్క ముక్క ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"మెరుపుకు గొంతు ఇచ్చినామె ఎవరో గాని, కత్తిపోటుకూ కితకితలకూ తేడా తెలియని మనిషి. కూలికి గొంతు ఇచ్చింది, కొసరుగా సిగ్గు కూడా ఇచ్చింది."

ఎలా ఉంది? ఎడిటరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. అక్కకు, బావకు అడిగానని చెప్పు.

మీ చిన్నమ్మ
రాధ


సిరిసిల్ల,
ఆగస్టు

చిన్నమ్మకు,

వ్యాసం బాగుంది. చిప్పల ముక్క అమ్మకు చదివి వినిపించాలనిపించింది, నోరు లేదు కదా.

ఒక్క మాట. ఆ గొంతిచ్చినామె గురించి రాసిన రెండు వాక్యాలు తీసేస్తే ఏమవుతుంది? లోపల ఆమెకు ఏం చెప్పి చేయించారో మనకు తెలియదు. కొత్త మనిషేమో. నాకు తెలిసిన డబ్బింగ్ అమ్మాయిలు ఒకరిద్దరున్నారు, ఆ పని ఎలా ఉంటుందో కొంచెం తెలుసు కాబట్టి అంటున్నాను. మిగతా నాలుగు పేజీలూ అలాగే ఉంచు.

ఇక్కడ వానలు. గొంతు అలాగే ఉంది.

ప్రవళిక


జగిత్యాల, కాలేజీ నుంచి,
ఆగస్టు

ప్రవళికకు,

తీయను. పైగా పత్రిక అచ్చుకు వెళ్ళిపోయింది.

వెళ్ళకపోయినా తీసేదాన్ని కాదు. చెడ్డ పని చేసిన ప్రతి ఆడదాని వెనకా ఒక కష్టం ఉంటుంది, నిజమే. అలా జాలిపడుతూ పోతే విమర్శ అనేదే ఉండదు, అందరం కూర్చుని ఒకరి కన్నీళ్ళు ఒకరం తుడుచుకోవాల్సిందే. ఆమె నోరు ఆమెదే కదా? వద్దనడానికి ఆ నోరు చాలదా? నాకు తెలిసి మన ఇళ్ళలో ఏ ఆడదీ అలాంటి పనికి ఒప్పుకోదు. మీ అమ్మ ఒప్పుకుంటుందా? నేను ఒప్పుకుంటానా? నువ్వు ఒప్పుకుంటావా?

మెత్తబడకు బిడ్డా. నిన్ను నేను అలా పెంచలేదు.

చిన్నమ్మ


సిరిసిల్ల,
సెప్టెంబరు

చిన్నమ్మా,

కత్తిపోటుకూ కితకితలకూ తేడా తెలియని ఆ మనిషిని నేనే.

జలుబు అబద్ధం. గొంతు అక్కడే పోయింది. చెత్తబండి రికార్డు ఎవరో వీడియో తీసి పెడితే, అది విని ఏప్రిల్లో హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. డైరెక్టరు పేరు హరీశ్. మీది చాలా శుభ్రమైన తెలుగు అన్నాడు. నీకు చెప్పకుండా దాచి, గేమ్ వచ్చాక నువ్వు మెచ్చుకుంటే అప్పుడు చెబుదామనుకున్నాను. మొహమాటం వద్దని రాసింది అందుకే. చూడు నా తెలివి.

మాటలన్నీ హాయిగా అయిపోయాయి. చివరి రోజు నొప్పులూ చావులూ పెట్టుకున్నారు. నన్ను ఎవరు కొడుతున్నారు, దేనితో కొడుతున్నారు అని అడిగాను. "అవన్నీ ఎందుకండీ, మామూలుగా చచ్చిపోండి" అన్నాడు. మామూలుగా ఎలా చస్తారో నాకు తెలియదు. మన ఇంట్లో నొప్పి ఎలా అరుస్తుందో తెలుసు. సాంచ మీంచి నూలు మోసే నాడె ఎగిరొచ్చి అమ్మ మోచేతికి తగిలిన రోజు నువ్వూ ఇక్కడే ఉన్నావు. అమ్మ "అవ్వో!" అని అరిస్తే అంత చప్పుడులోనూ వినబడి షెడ్డులో సాంచాలన్నీ ఆపేశారు. నేను కళ్ళు మూసుకుని అది అరిచాను.

హెడ్‌ఫోన్లలో హరీశ్ గొంతు వచ్చింది.

"అది కాదండీ. అవ్వ అంటే ముసలావిడ కదా? పడుచుపిల్ల చచ్చిపోతూ వాళ్ళ నాయనమ్మని ఎందుకు పిలుస్తుంది?"

"మా దిక్కు అవ్వ అంటే అమ్మ సార్" అన్నాను.

"ఆడేవాళ్ళు కన్ఫ్యూజ్ అవుతారండీ."

"మరి మగోళ్ళంత నీయవ్వ అంటున్నరు గద సార్, అదెవర్ని?"

"అది తిట్టండీ. అది మాస్."

"గా అవ్వ, గీ అవ్వ ఒక్కతే సార్."

ఆయన అద్దం అవతల తన పక్కనున్న ఇంజనీరు వైపు చూసి నవ్వాడు. చిన్నమ్మా, ఆయనకు నిజంగానే తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ తిట్టు రికార్డు చేస్తున్నాడు, అందులో ఎవరి తల్లి ఉందో తెలియదు. మొగవాడి నోట్లో ఉంటే మాస్, నా నోట్లో ఉంటే ముసలిది.

తర్వాత మొదలైంది. "కొంచెం తియ్యగా." మళ్ళీ. "నొప్పి ఉండాలి, కాని వినేవాడికి నొప్పి ఉండకూడదు." మళ్ళీ. "ఇంకొంచెం ఊపిరి." మళ్ళీ. ఏం అడుగుతున్నాడో నాకు తెలియకపోలేదు. రెండు మూడుసార్లు కాగానే తెలిసింది. వద్దనడానికి నోరు చాలదా అని అడిగావు. ఆ నోరు వాళ్ళ మైకు ముందు ఉంది, అద్దం బయట ఇంకో అమ్మాయి కుర్చీలో తన వంతు కోసం కూర్చుని ఉంది. ఇచ్చాను. సాయంత్రానికి గొంతులోంచి రక్తం చారిక వచ్చింది. డబ్బింగ్ బాగా వచ్చిందని టీ ఇప్పించారు.

నీ వ్యాసం బాగా ఎక్కింది. ఆ రెండు వాక్యాలు ఎవడో ఫొటో తీసి పెట్టాడు. "గంత మంచిగుంటదా, అయితే వినాలె" అని కింద ఒకటే నవ్వులు. మెరుపు చావును విడిగా కోసి పంచుకున్నారు. రింగ్‌టోన్లు పెట్టుకున్నారు. తర్వాత మా ఊరి పోరగాళ్ళకు ఈ గొంతు ఎక్కడో విన్నామని అనుమానం వచ్చింది. నువ్వు పోల్చలేదు, వాళ్ళు పోల్చారు. తడి చెత్త అన్న మాట పక్కన నా చావు అతికించారు. ఇంతకంటే విడమరచి రాయను, నువ్వు తెలుగు లెక్చరర్‌వి, అర్థమవుతుంది. ఆ వీడియో కింద నవ్విన పేర్లలో నాతోపాటు బడికి వచ్చినవాళ్ళున్నారు, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళున్నారు. పెదాలు కదుపుతూ చదివే వెధవలు, ఒక్కడికీ ఒక్క ముక్క సొంతంగా రాయడం రాదు, అందరూ అదే నవ్వు బొమ్మ పెట్టారు.

ఇప్పుడు సాయన్న మా గల్లీలోకి చప్పుడు లేకుండా వస్తున్నాడు. నేను గేటు దగ్గరుంటే బండి ఆపి, "బిడ్డా, నీ గల్లీల బంద్ వెట్టిన. పోరగాండ్లు ఎంబడి వడి ఆగం జేస్తున్నరు. నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నాడు. మంచివాడు. నన్ను కాపాడడానికి నా గొంతే నొక్కాడు, ఆయనకు తోచిన సాయం అది.

అమ్మకు ఇది నేనని తెలియదు. పక్కింటి ఫోన్లో విని నన్ను అడిగింది. "గదేంది బిడ్డా? గట్ల ఎవలన్న సత్తరా?"

డాక్టరు పెట్టిన గడువు అయిపోయింది. గొంతు వచ్చింది. ఇంట్లో మాట్లాడుతున్నాను. గడప దాటితే మాత్రం మాట రావడం లేదు. కూరగాయలు వేలు చూపించి కొంటున్నాను. నోరు తెరిస్తే తల తిప్పి చూస్తారు, చూసి నవ్వుతారు. ప్రకటనలకు పిలిస్తే గొంతు ఇంకా రాలేదని రాసి పంపుతున్నాను. ఇలాగే ఇంకొన్నాళ్ళు పోతే నిజంగా మూగదాన్నవుతానేమోనని భయంగా ఉంది.

నిన్ను అడగాలనుకున్నది ఒక్కటే. నాలుగు పేజీలు రాశావు. బొమ్మ గీసినవాణ్ణి, చిప్పలు తొడిగినవాణ్ణి, చావును తియ్యగా చేయమన్నవాణ్ణి అందరినీ కలిపి "కంపెనీ" అన్నావు. "ఆమె" అని వేలుపెట్టి చూపింది నన్నొక్కదాన్నే. ఎందుకు?

ప్రవళిక


కోరుట్ల,
సెప్టెంబరు

ప్రవళీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కాలేజీకి పోలేదు. నీకు అక్షరాలు దిద్దించింది నేను. పద్యం తప్పు చదివితే గోడకు నిలబెట్టింది నేను. నీ గొంతు నాకు తెలియలేదు. చెత్తబండి వెంట పడే గాడిదలకు తెలిసింది. ఇన్నేళ్ళుగా నేను రాసిన విమర్శ అంతా తీసుకుపోయి ఆ బండిలోనే వేయాలి. నేను ఎంత హీనమైనదాన్నో నాకే అసహ్యం వేస్తోంది. అద్దంలో చూసుకోలేకపోతున్నాను.

ఊరుకోలేదు. గేమ్‌లో ఉన్న నంబరు పట్టుకుని ఆ హరీశ్‌కు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే, "మేడమ్, మీ ఆర్టికల్ వల్ల మాకు డౌన్‌లోడ్లు బాగా పెరిగాయి, థాంక్స్" అన్నాడు. నా చెప్పుతో నన్ను కొట్టి దక్షిణ ఇచ్చినట్టుంది. ఆ చావులు తీసేసి అమ్మాయి చేత సరిగా మళ్ళీ చెప్పించమన్నాను. "ఆమె మళ్ళీ రానక్కర్లేదండీ. గొంతు మా దగ్గరుంది కదా. రెండో భాగంలో కొత్త చావులన్నీ మెషీనే చేసేస్తుంది. కాంట్రాక్టులో ఆమె సంతకం పెట్టారు" అన్నాడు. చావుల గురించి కందిపప్పు గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. కోపం కూడా లేదు వాడికి. వాడి మీద కోపం తెచ్చుకుందామంటే పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

అందుకే రెండో వ్యాసం రాశాను. జరిగింది జరిగినట్టు, నీ పేరుతో సహా. ఒక నేతన్న బిడ్డ గొంతు ఎలా బలి అయిందో, నేను ఆ బలిలో ఎలా పాలు పంచుకున్నానో అంతా ఉంది. రాస్తూ ఏడ్చాను. ఎడిటరు ముఖచిత్ర కథగా వేస్తానన్నాడు. నీ ఫొటో ఒకటి పంపు, చీరలో ఉన్నది.

నిన్ను ముఖం చూసి అడగలేక ఇక్కడే అడుగుతున్నాను. క్షమించు.

చిన్నమ్మ


సిరిసిల్ల,
అక్టోబరు

చిన్నమ్మా,

రాయకు. రాసింది చింపెయ్.

నా పేరు ఆ పత్రికలో పడితే సిరిసిల్లలో ఇంకా తెలియని నలుగురికి కూడా తెలుస్తుంది. అప్పుడు నా మొహం కూడా తెలుస్తుంది, చీరలో. నీ పశ్చాత్తాపం కూడా నీ వ్యాసంలాగే ఉంది, మొదటి వాక్యం నుంచి చివరి దాకా నీ గురించే. నేను అడిగినదానికి జవాబు మాత్రం ఎక్కడా లేదు.

బలి అన్నావు. బలి ఇచ్చిన కోడి తర్వాత టమాటలు కొనడానికి పోదు. నేను పోవాలి. హరీశ్ మాటలు చదివి నాకు నవ్వొచ్చింది. మెషీన్‌కు చావడం నేర్పడానికి కూడా వాడికి ఒక ఆడదాని సంతకం కావాల్సి వచ్చింది. వాణ్ణి తిట్టడానికి నీ నాలుగు పేజీలు ఎక్కువ, ఒక్క మాట చాలు, ఆ మాట వాడే మాస్ అన్నాడు. గాని ఆ మాటలో మళ్ళీ వాళ్ళ అమ్మే ఉంటుంది, ఆమె ఏం చేసింది పాపం.

నాకు కావాల్సింది ముఖచిత్రం కాదు. సంతలో నిలబడి, "అన్నా, టమాట ఎట్ల కిల?" అని అడగాలి. అంతే కావాలి నాకు. నిన్న పోయాను. దగ్గరికి పోయి నిలబడి, వేలు చూపించి వచ్చాను.

ప్రవళిక


జగిత్యాల, కాలేజీ నుంచి,
అక్టోబరు

ప్రవళీ,

చింపేశాను. ఎడిటరుకు కోపం వచ్చింది, రానీ.

నువ్వు అడిగినదానికి జవాబు: కంపెనీ కనబడదు, నువ్వు వినబడ్డావు. చేతికి అందినదాన్ని కొట్టాను. మన ఇళ్ళలో మొగవాళ్ళ మీద కోపం వచ్చిన అత్తలు కోడళ్ళను ఇలాగే కొడతారు, ఆ అత్తలనే నేను ప్రతి నెలా తిడుతూ వచ్చాను.

నిన్న క్లాసులో వెనక బెంచీలో ఎవడి ఫోనో మోగింది. నువ్వే. మొగపిల్లలు నవ్వారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎవణ్ణీ తిట్టలేదు. పుస్తకం మూసి బయటికి వచ్చేశాను. నా వెనకే సుస్మిత వచ్చింది. "మేడమ్, మాకు గా సప్పుడు ఇంటె భయమైతది, వాళ్ళకు నవ్వెట్లొస్తది?" అంది. తెలియదన్నాను.

ఇంకేమీ రాయను. నువ్వు రాస్తే చదువుతాను.

చిన్నమ్మ


సిరిసిల్ల,
నవంబరు

చిన్నమ్మా,

కార్తీక సోమవారమని అమ్మ వేములవాడకు పోదామంది. బస్సు కిటకిటలాడుతోంది. ఎక్కేటప్పుడే అమ్మ వెనక్కి పోయింది, నేను ముందు ఇరుక్కున్నాను. ఆడవాళ్ళకు టికెట్టు ఊరికే గాని ఊరి పేరు చెప్పాలి కదా. ముందే ఫోన్లో "వేములవాడ, ఇద్దరం" అని రాసి పెట్టుకున్నాను, కండక్టరమ్మకు చూపిద్దామని.

నా ముందు సీట్లో ఒకాయన కూర్చుని గేమ్ ఆడుతున్నాడు. పోరగాడు కాదు, నాన్న వయసుంటుంది. బండి ఎక్కడ పెట్టి ఎక్కాడో ఒళ్ళో హెల్మెట్, మెడలో దీక్ష మాల, ఫోను సౌండు పూర్తిగా పెట్టి ఉంది. "కోట కొట్లాట" రెండో భాగం. మెరుపుతో ఆడుతున్నాడు. ఆడడం చేతకాదు వాడికి. ఊరికూరికే చస్తోంది.

చిన్నమ్మా, అది నేను చచ్చిన చావు కాదు. నేను చేసినవి ఒక్కొక్కటీ నాకు గుర్తున్నాయి, గొంతులో ఎక్కడెక్కడ గీసుకుపోయాయో కూడా గుర్తుంది. ఇది కొత్తది. గొంతు నాదే. చివర్లో చిన్న నవ్వులాంటిది ఉంది. నేను ఎప్పుడూ నవ్వలేదు. వాళ్ళు నేను లేకుండానే నన్ను చంపి, చచ్చేటప్పుడు నవ్వించారు. ఆయన మళ్ళీ ఆడాడు. మళ్ళీ చచ్చాను, మళ్ళీ నవ్వాను. పక్కాయన వంగి చూసి, ఇద్దరూ ఇకిలించారు.

అప్పుడే కండక్టరమ్మ వచ్చింది. "ఏడికమ్మా?" నేను ఫోను చూపించాను. ఆమె రద్దీలో చూడలేదు. "ఏడికంటె చెప్పవేందమ్మా, నోట్లె నాలిక లేదా?"

నేను నోరు తెరిచాను. ఊరి పేరు చెబుదామనే తెరిచాను. అరుపు వచ్చింది.

"అవ్వో!"

నన్ను ఎవరూ ముట్టుకోలేదు. కాలు కూడా తొక్కలేదు. కడుపులోంచి వచ్చింది, ఆపడం నా వల్ల కాలేదు, ఆపాలని కూడా అనిపించలేదు. డ్రైవరు బ్రేకు వేశాడు. బస్సంతా ఒక్కసారి ముందుకు తూలింది. కండక్టరమ్మ చేతిలో టికెట్ల మిషను జారి నా కాళ్ళ మీద పడింది.

"ఏమైంది బిడ్డా? ఎవడన్న చెయ్యేసిండా?" చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా లేచారు. లేచి, దగ్గరగా ఉన్న మొగవాణ్ణి చూశారు. వాడు ఫోను పైకెత్తి, "నేనేం జెయ్యలే అక్కా! గేమ్ ఆడుకుంటున్న!" అన్నాడు. ఆ ఎత్తిన చేతిలోనే మెరుపు మళ్ళీ చచ్చింది. బస్సు నిశ్శబ్దంగా ఉంది కదా, అందరికీ వినబడింది. అందరూ ఆ ఫోను చూశారు, తర్వాత నన్ను చూశారు.

చెప్పాను, చిన్నమ్మా. ఎవరూ అడగకముందే చెప్పాను. "గా ఫోన్ల సచ్చే పిల్ల గొంతు నాదే. గట్ల సావుమన్నరు, సచ్చిన. గా నవ్వు మాత్రం నాది కాదు. నాకు దెబ్బ తాకితె నేను గిట్ల మొత్తుకుంట, ఇప్పుడిన్నరు గదా గట్ల."

నా పక్కన కొబ్బరికాయల సంచితో ఒక ముసలామె ఉంది. ముత్తవ్వట, తంగళ్ళపల్లి. ఆమె ఫోనువాణ్ణి కిందికీ మీదికీ చూసింది. "సచ్చెటోళ్ళు గంత ముద్దుగ మూల్గుతరార? మీ ఇంట్ల ఎవలు సావలేదా?" అంది. ఇంకొకామె, "నా కాన్పుకు నేను మొత్తుకుంటె మా గోడ పెచ్చులూడినయి" అంది. అక్కడినుంచి ఇక పట్టపగ్గాల్లేవు. ఎవరికి ఎక్కడ దెబ్బ తాకిందో, ఎంత గట్టిగా అరిచారో బస్సంతా చెప్పుకున్నారు. ఆడవాళ్ళు నొప్పుల గురించి పోటీపడి అంత సంతోషంగా మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. కండక్టరమ్మ మిషను తుడుచుకుంటూ, "బంద్ వెడ్తవా, దిగుతవా?" అని వాణ్ణి అడిగింది. వాడు ఫోను హెల్మెట్‌లో దాచాడు. పక్కాయన కిటికీలోంచి పొలాలు చూడడం మొదలుపెట్టాడు.

అమ్మ అందరినీ తోసుకుంటూ అప్పటికి నా దగ్గరికి వచ్చింది. కొంగు ఊడిపోయింది, మొహం తెల్లబోయింది. "నీ గొంతని తెల్సి ఉరికచ్చిన" అంది. ఏమైందని కూడా అడగలేదు, నా రెక్క పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడన్న చెప్పు, ఏడికి?" అంది కండక్టరమ్మ.

"వేములవాడ. ఇద్దరం" అని గట్టిగా చెప్పాను.

ఏదో గెలిచానని రాయడం లేదు. ఆ బస్సు అరుపును కూడా ఎవడో వీడియో తీశాడు. అదీ ఊరంతా తిరుగుతోంది. అది మాత్రం ఒక్క మొగోడూ రింగ్‌టోన్ పెట్టుకోలేదు. గేమ్‌లో మెరుపు నవ్వుతూనే చస్తోంది. హరీశ్ బాగానే ఉన్నాడు, ఇంకా బాగుంటాడు. నేను నిన్న సంతకు పోయి టమాటలు అడిగాను. ఒకడు తల తిప్పి ఇకిలించాడు. వాడి మొహం చూస్తూ ధర తగ్గించమని బేరం కూడా చేశాను.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఎత్తగానే నువ్వు మొదలుపెట్టకు. ముందు నేను మాట్లాడతాను.

ప్రవళిక